పాపికొండల్లో మూడో గుండు ఎక్కలేదు

మా అమ్మాయి సునీత భీమవరంలో ఇంజనీరింగ్ రెండో ఏడు చదువుతుండగా కాలేజీ ట్రెకింగ్ క్లబ్బుకు లీడరైంది. పాపికొండల అడవిని నేషనల్ పార్కుగా ప్రకటించిన కొత్తలో సంగతి. ఆ అడవిలో గ్రానైట్ గుండ్లు ఎక్కుదామని పిల్లలు అనుకున్నారు. ఆడపిల్లలూ ఉన్నారు కాబట్టి పెద్దవాళ్ళొకరు తోడుండాలని కాలేజీవాళ్ళు షరతు పెట్టారు. నేను రొయ్యల మేత డిపోలో గుమస్తాని. రెండు రోజులు సెలవు పెట్టి తయారయ్యాను. మా వైపు ఎంత లోతు తవ్వినా మట్టే తప్ప రాయి కనిపించదు. రోడ్డుకు వేసే కంకర కూడా లారీల్లో రావాల్సిందే. అందుకే నాకూ సరదాగానే ఉంది.

తెల్లవారుజాము బస్సుకు బయల్దేరి ఏడింటికి రాజమండ్రి చేరాం. అక్కణ్ణించి వ్యానులో పురుషోత్తపట్నం రేవుకు వెళ్ళి, తొమ్మిది గంటల లాంచీ ఎక్కాం. టిఫిను, భోజనం టికెట్లోనే కలిపేశారు. గోదావరి సన్నబడి, రెండువైపులా కొండలు దగ్గరికొచ్చేసరికి పిల్లల పాటలు ఆగిపోయాయి. సాయంత్రానికి ఒడ్డునున్న వెదురు గుడిసెల్లో దిగాం. వెళ్ళేవాళ్ళు దుప్పట్లు తప్పకుండా తీసుకెళ్ళాలి, రాత్రి చలి బాగా ఉంటుంది.

మర్నాడు ఆరింటికి నడక మొదలైంది. ముందు దారి చూపించే చిన్నారెడ్డి, వెనక పిల్లలు, చిట్టచివర సునీత. ఎవరూ వెనకబడకుండా లీడరు చివర నడవాలట. వెదురు పొదలు దాటాక మొదటి గుండు కనిపించింది. రెండంతస్తుల మేడంత నల్లరాయి, కింద చిన్న రాళ్ళ మీద ఆని నిలబడింది. చెయ్యి వేసి చూస్తే చల్లగా, గరుగ్గా ఉంది. రెండోది దానికన్నా వెడల్పు. చేతులు కూడా ఆనించి దాని మీదికెక్కి కూర్చున్నాం. కింద గోదావరి ఒక మలుపంతా కనిపించింది. మూడోది ఇంకా పైన, ఏటవాలు బండ చివర ఉంది. అందరూ వచ్చింది దానికోసమే.

అప్పుడే తుంపర మొదలైంది. సునీత ముందుకెళ్ళి బండ మీద పాదం ఆనించి చూసింది. నాచు తడిసి కాలు జర్రున జారింది. ఇంకోచోట చూసింది. అక్కడా అంతే.

"ఇక్కణ్ణించి దిగిపోదాం," అంది.

"ఇంత దూరం వచ్చి దిగడమేంటి సునీతా? పది నిమిషాల్లో తగ్గిపోతుంది," అన్నాడు క్లబ్బు పిల్లల్లో ఒకడైన వంశీ. తక్కినవాళ్ళ మొహాల్లోనూ అదే మాట.

"తగ్గినా బండ ఆరదు వంశీ. ఎక్కేస్తాం, దిగేటప్పుడే కష్టం."

వంశీ నావైపు తిరిగాడు. "అంకుల్, మీరైనా చెప్పండి."

వెళ్దామని నాకూ మనసులో ఉంది. నోటిదాకా వచ్చింది కూడా. సునీత నన్ను చూడటం లేదు, ఒక అమ్మాయి బూటు లేసు బిగిస్తోంది. ఇంట్లో బొద్దింకను చూస్తే కుర్చీ ఎక్కే పిల్ల, అంతమంది మొహం ముడుచుకున్నా మాట మార్చుకోలేదు.

"నన్నడక్కు బాబూ. ఇక్కడ లీడరు ఆవిడ. ఆవిడెలా చెప్తే అలా," అన్నాను.

దిగాం. మధ్యాహ్నం లాంచీ ఎక్కేసరికి మబ్బు విడిపోయి, కొండల మీద ఎండ కాసింది. "చూశావా?" అన్నాడు వంశీ. సునీత తలూపింది. కాసేపటికి నా పక్కకొచ్చి కూర్చుంది.

"ఈ ఎండ చూస్తుంటే ఎక్కాల్సిందేమో అనిపిస్తోంది నాన్నా."

"మరి?"

"అప్పుడు కాళ్ళ కింద తడే ఉంది కదా. మళ్ళీ అలాగే ఉంటే మళ్ళీ దింపేస్తాను."

జేబులో ఉన్న వేరుశనక్కాయల పొట్లం తీసి తనకిచ్చాను.

రాజమండ్రిలో భీమవరం బస్సెక్కాం. నా పక్క సీటాయన బురద బూట్లు చూసి అడిగాడు. "పాపికొండలు వెళ్ళొస్తున్నారాండీ? పైదాకా ఎక్కారా?"

"లేదండి. మా అమ్మాయి దిగిపోదామంది, దిగొచ్చేశాం," అన్నాను.

ఆయన జాలిగా చూశాడు. నేను మాత్రం ముందు సీట్లో నిద్రపోతున్న సునీతను చూపించి, "అదిగోనండి, మా లీడరు," అన్నాను.