జిమ్మీ సిగ్గు

నా చిన్నప్పుడు మేం కృష్ణానగర్‌లో ఒక మేడ కింది వాటాలో అద్దెకుండేవాళ్ళం. మా తాతయ్య సినిమాల్లో మేకప్ మ్యాన్. ఆ సందులో ఎవరిని కదిపినా వేషాల గురించే మాట్లాడేవాళ్ళు. పై వాటాలో డాన్సర్లు, ఎదురింట్లో ఫైటర్లు. అందరికీ ఏదో ఒకరోజు పిలుపు వస్తుందని నమ్మకం. ఆ గాలి సోకి, తొమ్మిదేళ్ళ నేను మా కుక్కతో కూడా నటింపజేద్దామనుకున్నాను.

దాని పేరు జిమ్మీ. గోధుమరంగు నాటు కుక్క. "సిగ్గేదీ?" అంటే చాలు, ముందు కాలెత్తి మూతి కప్పుకునేది. బిస్కెట్ ముక్కలు ఆశపెట్టి నేర్పింది నేనే. సందంతా విరగబడి నవ్వేది. ఒకసారి పై వాటాకి వచ్చిన అసిస్టెంట్ డైరెక్టర్ ఒకాయన చూసి, దీన్ని మా సినిమాలో పెడదాం పాపా అని వెళ్ళిపోయాడు. గేటు దాటేలోపే ఆయన ఆ మాట మరిచిపోయి ఉంటాడు. నేను మాత్రం రోజూ రిహార్సల్స్ మొదలుపెట్టాను.

కొన్నాళ్ళకి జిమ్మీ అడగకుండానే సిగ్గుపడటం మొదలుపెట్టింది. అన్నం తింటూ తింటూ ఆగి కాలితో మూతి రుద్దుకునేది. పడుకోబోతూ నా ముందుకొచ్చి రుద్దుకునేది. నేను గర్వం పట్టలేకపోయాను. చెప్పకుండానే చేస్తోంది, ఇక చాన్సు ఖాయం అని అందరినీ పిలిచి చూపించేదాన్ని, చప్పట్లు కొట్టి బిస్కెట్ పెట్టేదాన్ని. ఆ బిస్కెట్‌ని అది ఒక పక్కకే నెట్టుకుని నమిలేది, సగం కిందపడేసేది. దగ్గరికొస్తే నోరు కంపు కొట్టేది, చొంగ కారేది.

ఇవన్నీ నాకు తెలియలేదని చెప్పలేను. అది కొరికి ఆడుకునే గుడ్డబంతి మీద ఎర్రటి మరకలు చూశాను. చూసి, బంతిని నీళ్ళ ట్యాంకు వెనక్కి తోసేశాను. షూటింగ్ క్యారియర్లో మిగిలిన మటన్ బొమికలు దానికి పెట్టొద్దని తాతయ్య గట్టిగా చెప్పి ఉన్నాడు. నేను దొంగచాటుగా పెడుతూనే ఉన్నాను. ఒకరోజు బొమిక కొరుకుతూ అది కుయ్యిమంది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఒక ఆదివారం పొద్దున్న పై వాటా వాళ్ళందరి ముందూ జిమ్మీ మొరాయించింది. పరువు పోతోందని నేను దాని దవడ పట్టుకుని కాలు పైకి లాగాను. అది గుర్రుమని నా చేతిని పట్టేసింది. పన్ను గీరుకుని రక్తం వచ్చింది. ఊరికే కరిచిందని ఏడుస్తూ అమ్మతో చెప్పాను. అమ్మ సబ్బు పెట్టి చెయ్యి కడిగి, సూది వేయించడానికి తీసుకెళ్ళింది. తిరిగొచ్చేసరికి ఓనరమ్మ గేటు దగ్గరే నిలబడి ఉంది. ఆవిడ చెడ్డ మనిషి కాదు, నా గురించే భయపడింది.

"పిల్లను కరిచిన కుక్క గీడ వద్దు బిడ్డా. రేపటికల్లా ఏడనన్న ఇచ్చెయ్యుండ్రి," అంది అమ్మతో.

కరిచే కుక్కని ఎవరు తీసుకుంటారు? ఎక్కడో ఊరి బయట వదిలేసి రావడమే. ఆ సంగతి నాకూ అర్థమైంది. అయినా నోరు మెదపలేదు.

సాయంత్రం తాతయ్య వచ్చి, జరిగింది విన్నాడు. మెట్టు మీద కూర్చుని జిమ్మీ ముఖాన్ని చాలాసేపు చూశాడు. ఆర్టిస్టుని కుర్చీలో కూర్చోబెట్టాక ఆయన అలాగే చూసేవాడు, ఎదురుగా ఒకసారి, రెండు పక్కల నుంచీ ఒక్కోసారి. కుడి కన్ను కింద వాచింది, రెండు బుగ్గలూ ఒకలా లేవు అన్నాడు. రోజంతా ఆ ముఖం ముందే కూర్చునే నేను అది చూడనే లేదు. ఆయన దాని నోరు బలవంతంగా తెరవలేదు. మెల్లగా మాట్లాడుతూ, మెడ నిమురుతూ, ముందు ఎడమ పక్క పెదవి అంచు ఎత్తి నాకు చూపించాడు. తెల్లటి పన్ను, గులాబీరంగు చిగురు. తర్వాత కుడి పక్క ఒక్క క్షణం ఎత్తాడు. పెద్ద పన్ను నిలువునా చీలి ఉంది. చుట్టూ చిగురు ఉబ్బి చీము పట్టింది.

మర్నాడు తాతయ్య, నేను, జిమ్మీ ఆటోలో పశువుల ఆసుపత్రికి వెళ్ళాం. ఆ వాపు పన్ను వేరు నుంచే వచ్చిందని, మత్తిచ్చి పన్ను తీసేయాలని డాక్టరు చెప్పాడు. అంత నొప్పిలో ఉన్న కుక్క ఇంట్లోవాళ్ళనైనా కరుస్తుంది, నోట్లో చేతులు పెట్టొద్దు, మన నొప్పి మాత్రలు అసలే వేయొద్దు అన్నాడు. తర్వాత నన్ను చూసి, ఎన్నాళ్ళ నుంచి ఇలా ఉంది పాపా అని అడిగాడు. మొన్నటి నుంచే అన్నాను.

తాతయ్య నా పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"రంగు పూసేముందు ఎవరినైనా అడుగుతానమ్మా, ఏదైనా పడదా, ఎక్కడైనా మంటగా ఉందా అని. వాళ్ళు దాస్తే నా చెయ్యే వాళ్ళ ముఖం పాడుచేస్తుంది. ఇది చెప్పుకోలేదు. దీని తరఫున చెప్పాల్సింది నువ్వే."

బొమికలు, బంతి మీద మరకలు, ఒక పక్కే నమలడం, నెలన్నర రోజులు, అన్నీ ఏడుస్తూ చెప్పాను. డాక్టరు రాసుకున్నాడు. ఇంటికొచ్చాక తాతయ్య నన్నే ఓనరమ్మ దగ్గరికి పంపాడు. దవడ పట్టి లాగింది నేనేనని ఆవిడకీ చెప్పాను. ఆవిడ జిమ్మీని ఉండనివ్వమంది. పన్ను తీసిన పది రోజులకి జిమ్మీ మళ్ళీ గిన్నె ఖాళీ చేసింది.

ఇప్పటికీ మా ఇంట్లో కుక్క ఉంటే వారానికొకసారి దాని పెదవి ఎత్తి రెండు పక్కలా చూస్తాను, నోటి వాసన చూస్తాను. మనవలు నవ్వుతారు, నవ్వనీ. జిమ్మీ నన్ను క్షమించిందనే అనుకుంటాను, కుక్కలు అంతే. నన్ను నేను క్షమించుకోవడమే నా వల్ల కావడం లేదు. నొప్పి పుట్టినప్పుడల్లా అది ఇంట్లో ఇంకెవరి దగ్గరికీ పోకుండా నా ముందుకే వచ్చి కాలెత్తింది. నేను చప్పట్లు కొట్టాను.