గీత ఫొటోకు దండ

చైతన్యపురి మెట్రో స్తంభాల దగ్గర లింగస్వామి పరుగు నడకలోకి దిగింది. సరిగ్గా అప్పుడే ఎదురుగా, సంచి భుజాన వేసుకుని వస్తున్న గోపయ్య కనిపించాడు. ఇద్దరిదీ నల్లగొండ పక్కన ఒకే ఊరు. ఊరి బస్సు ఎల్బీనగర్‌లో దిగితే పరుగుపందెమని రోడ్డు కట్టేశారు, ఆటో దొరకలేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఉండే కూతురింటికి ముసలాయన నడిచే పోతున్నాడు.

"నీది గుండెనా బండనా లింగా" అన్నాడు గోపయ్య, పలకరింపు లేకుండా.

"ఏమైంది కాకా?"

"నన్నడుగుతవేంది? ఎల్బీనగర్ల స్టేజీ మీద చూసే ఒస్తున్న. మన గీత ఫొటో నిలువెత్తు పెట్టిన్రు. దండేసిన్రు, ముంగట దీపం పెట్టిన్రు. ఎప్పుడైందిరా? ఊరికి ఒక్క ఫోన్ కొట్టకపోతివి. పైంగ గీ రంగు బనీనేసుకొని ఉరుకుతున్నవు."

గీత లింగస్వామి కూతురు, ఆరేళ్ళది, గుండెలో రంధ్రం. ఎల్బీనగర్ దాటాక ఉన్న పిల్లల దవాఖానలో ఉంచారు, ఎల్లుండి ఆపరేషన్. ఈ పరుగు ఆ దవాఖాన పిల్లల కోసం చందాలు పోగు చేయడానికే. పొద్దున అతను వార్డు నుంచి వచ్చేటప్పుడు పిల్ల, తల్లి కొంగును పిడికిట్లో పట్టుకుని నిద్రపోతోంది.

"కాకా, జర ఫోనియ్యి."

ఇంట్లో ఉన్నది ఒక్కటే ఫోను, అది భార్య యాదలక్ష్మి దగ్గర ఉంది. మోగింది, మోగింది, ఆగిపోయింది. మళ్ళీ చేశాడు. ఎత్తలేదు. డాక్టర్లు చూడ్డానికొస్తే ఫోను బయట పెట్టిస్తారని అతనికి తెలుసు. తెలిసినా లాభం లేకపోయింది. దవాఖాన నుంచి కబురు ముందు పరుగు పెట్టించిన పెద్దవాళ్ళకు వస్తుంది, తర్వాతే తండ్రికి చెబుతారు అనుకున్నాడు. ఫోను గోపయ్య చేతిలో పెట్టి ఉరికాడు.

పెళ్ళికి ముందు నుంచీ ఈ రోడ్డు మీద అతను డీసీఎం వ్యాను తోలుతున్నాడు. అబ్దుల్లాపూర్‌మెట్ నుంచి మలక్‌పేట దాకా ఎక్కడ గేరు మార్చాలో కళ్ళు మూసుకుని చెప్పగలడు. ఉల్లిగడ్డలు, సిమెంటు, కిరాయి ఇళ్ళు మారేవాళ్ళ మంచాలు మోశాడు కానీ, ఈ ఎత్తుపల్లాలు కాళ్ళతో ఎక్కలేదు. పూర్వం పరుగెత్తేవాడంటే కబురు మోసేవాడో, కబురంది పోతున్నవాడో. ఇప్పుడు ఆదివారం పొద్దున పుణ్యానికి పరుగెత్తే రోజులొచ్చాయి. వాటి వల్ల కొందరు పిల్లలు బతుకుతున్నారు, కాబట్టి నవ్వడానికి లేదు. అంత జనంలో లింగస్వామి ఒక్కడే పాతకాలపు పరుగు పరుగెత్తాడు.

కొత్తపేటలో అరటిపండ్లు పంచుతున్న కాలేజీ పిల్లలు చప్పట్లు కొట్టారు. "సూపర్ అంకుల్, ఇంకొంచెమే" అని ఒకమ్మాయి కొంతదూరం పక్కన ఉరికి, అందుకోలేక నవ్వుతూ ఆగిపోయింది. ఎవరో ఫొటో తీశారు.

ఎల్బీనగర్‌లో స్టేజీ కింద జనం పాటలకు ఎగురుతున్నారు. పైన ఫ్లెక్సీ మీద గీత. పై పళ్ళు రెండు ఊడిన నవ్వు. ఆ నవ్వు చుట్టూ బంతిపూల దండ, ముందు ఇత్తడి కుందిలో వెలుగుతున్న వత్తులు. ఇంతమంది ఎందుకు ఎగురుతున్నారో అతనికి అర్థం కాలేదు.

పరుగు నడిపిస్తున్న విజయదుర్గ ఎదురొచ్చింది. గుంటూరు నుంచి వచ్చి స్థిరపడ్డ మనిషి. వార్డుకొచ్చి "నవ్వమ్మా బంగారం" అని ఆ ఫొటో తీసింది ఆవిడే.

"వచ్చేశావా బాబూ, నీ కోసమే చూస్తున్నాం."

"మేడం, నా బిడ్డ..."

"పాపకేమైంది?"

అతను చెయ్యెత్తి చూపించాడు. ఆవిడ అటు చూసి, నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "రామరామ. ఎవరయ్యా దండ వేసింది?"

డెకరేషన్ మనిషి తీగచుట్ట చేతబట్టుకుని వచ్చాడు. "మీటింగన్నంక నడుమ ఫొటో ఉంటది, ఫొటోకు దండేస్తం, దీపం పెడ్తం. రోజు చేసే పనే కద మేడం. ఎవలని అడగలే."

"చిన్నపిల్లయ్యా. బతికున్న పిల్ల."

"నాకేమెర్క."

ఆ మాట విన్నాక కూడా లింగస్వామి నమ్మలేదు. విజయదుర్గ తన ఫోన్ నుంచి కలిపి ఇచ్చింది. ఈసారి యాదలక్ష్మి ఎత్తింది.

"సార్లొచ్చిన్రు, ఫోన్ బైట పెట్టమన్నరు. ఇడ్లీ తిన్నది. చట్నీ కారమని నన్ను తిడుతున్నది నీ బిడ్డ. నువ్వేంది గట్ల రొప్పుతున్నవు? ఆడ అంత మంచిదేనా?"

"మంచిదే" అన్నాడు. ఫోను తిరిగిచ్చి స్టేజీ మెట్టు మీద కూర్చున్నాడు.

దండ తీసేశారు. తీసిన దండను ముఖ్య అతిథి కుర్చీ మీద పడేశారు. దీపం మాత్రం అలాగే ఉంది.

"దీన్ని గూడ తీయించున్రి మేడం" అన్నాడు లింగస్వామి.

"వెలిగించిన దీపం ఆర్పకూడదు బాబూ, అదింకా అపశకునం. కుంది కాలుతోంది, కదపడానికీ లేదు. తెలీక జరిగింది, మనసులో పెట్టుకోకు. రెండు మాటలు మాట్లాడి వెళ్ళు. దాతలు నీ నోట వినాలంటున్నారు. ఎల్లుండి బిల్లు కట్టేది వాళ్ళే కదా."

ఆవిడ బెదిరించలేదు, బతిమాలింది. అందుకే జవాబు చెప్పడం ఇంకా కష్టమైంది. నోరు తెరిస్తే ఏ మాట వస్తుందో, ఆ మాటకు ఎల్లుండి ఏమవుతుందో అని లింగస్వామికి భయం వేసింది. మైకులో అతని పేరు పిలిచారు. జనం చప్పట్లు కొట్టారు.

అతను స్టేజీ ఎక్కాడు. మైకు దగ్గరికి పోలేదు. దీపం తగలకుండా పక్క నుంచి పోయి, ఫ్లెక్సీ పై తాళ్ళు విప్పాడు, కింది తాళ్ళు విప్పాడు. లారీ టార్పాలిన్ చుట్టే చేతులతో, పిల్ల ముఖం లోపలికి వచ్చేలా చుట్టాడు. చప్పట్లు సన్నగిల్లాయి. డెకరేషన్ మనిషి "ఓ అన్నా, అది కంపెనీది" అన్నాడు. విజయదుర్గ ఆ డెకరేషన్ మనిషిని చేత్తో ఆపింది.

మైకులో మళ్ళీ పిలిచారు. లింగస్వామి చుట్టను చంకలో పెట్టుకుని, వెనక మెట్లు దిగి, ఎవరి ముఖమూ చూడకుండా దవాఖాన వైపు నడిచిపోయాడు.