బార్లీ విత్తనం కోసం డిగ్లీపూర్ దాకా

డిగ్లీపూర్‌లో అంటే మా దీవుల ఉత్తర కొసన, ఒకావిడ బార్లీని పచ్చిగా కోసి ఆవులకు వేస్తుందనీ, అది మళ్ళీ చిగిర్చి గింజ కూడా ఇస్తుందనీ నాకు మొదట చెప్పింది మా మిన్నీ బేలో చేపలమ్మే ఎర్రమ్మ. సొంతంగా మేత పండించుకోకపోతే వచ్చే ఏడు ఎండలకు మా ఆవు గౌరిని అమ్మేయాలని ఇంట్లో తేల్చేశారు. బార్లీ విత్తనం ఇక్కడెక్కడా దొరకలేదు. ఎర్రమ్మ ఫోను చేస్తే ఆవిడ, పేరు మాలతీ దీదీ, "రమ్మను, నాలుగు సాళ్ళు ఆమెకే" అందట. దేవుడే పలికించాడనుకున్నాను.

జనవరిలో బయల్దేరాను. టికెట్టు ముందురోజే తీసుకోవాలి. బస్సు తెల్లవారుజామున నాలుగింటికి. జిర్కాటాంగ్‌లో అడవి గేటు తెరిచే ఆరింటి దాకా బళ్ళన్నీ వరసగా ఆగాయి. తర్వాత అడవి, ఆపైన బస్సుతో సహా పంటు ఎక్కి ఉప్పుకాలువ దాటడం. మధ్యాహ్నం రంగత్‌లో పప్పూ అన్నం తిన్నాను. పక్క సీటాయన అక్కడే కొట్టు నడుపుతాడట, దిగబోతూ ఎందుకు వెళ్తున్నానో అడిగాడు.

"బార్లీయా? ఆవుకి జొరమేటి దీదీ, బార్లీ నీళ్ళు పట్టడానికి?"

నడుము నొప్పిలోనూ నవ్వొచ్చింది. డిగ్లీపూర్ చేరేసరికి నాలుగున్నర. ఆ రాత్రి మాలతీ దీదీ ఇంట్లోనే చేపల పులుసు, చాప.

పొద్దున ఏడింటికి పొలానికి వెళ్ళాం. బార్లీ మోకాలెత్తున ఉంది. నాలుగు సాళ్ళ చివర వెదురుపుల్ల పాతి, "ఇవి నీవి" అని కొడవలి ఇచ్చి, దీదీ ఆవును కట్టడానికి వెళ్ళింది. నాది చిన్నప్పటి నుంచీ వరి కోసిన చెయ్యి. గడ్డి వృథా కాకూడదని నేలకంటా కోసుకుంటూ పోయాను.

దీదీ వచ్చి నెత్తిన చెయ్యి పెట్టుకుంది. "అరే బహెన్, గుండు గీసేశావే! బెత్తెడు వదిలి కోయాలి. మొవ్వు తెగితే వెన్ను ఎక్కడ నుంచి వస్తుంది?"

గట్టు మీద కూలబడ్డాను. పన్నెండు గంటలు ప్రయాణం చేసొచ్చి, నా విత్తనాన్ని నేనే కోసేసుకున్నాను.

దీదీ పుల్ల పీకి, పక్కనున్న తన సాళ్ళలో నాలుగు లెక్కపెట్టి పాతింది.

"అవి మీ గింజలు కదా దీదీ?"

"నేను బార్లీ సత్తుపిండి తక్కువ తింటా. నీ ఆవుకి చెప్పు, నా వాటా తిందని. ఛల్, లే!"

ఈసారి నా నాలుగు వేళ్ళూ అడ్డంగా నేలకు ఆనించి, వాటి పైన కోయించింది.

మర్నాడు తిరుగు బస్సులో ఒళ్ళంతా పులిసిపోయింది, చేతులు ఖాళీ. గింజ మార్చిలో ముదిరాక ఎర్రమ్మ తమ్ముడు తెస్తాడు. కునుకు పట్టి లేచిన ప్రతిసారీ ఆ నాలుగు వేళ్ళూ ఒళ్ళో చాపుకునే ఉన్నాను. మీలో ఎవరైనా అటు వెళ్తే దారి నేను చెప్పినట్టే ఉంటుంది. వెళ్ళకపోయినా సరే, దీపం పెట్టుకునేటప్పుడు మాలతీ దీదీని ఒక్కసారి తలుచుకోండి.