మన్ననూరులో ఒక వైపు అంచు

మగ్గం గుంటలో కూర్చోవలసిన మనిషి నాలుగు నెలలుగా గోడవైపు తిరిగి పడుకుంటే ఇంట్లోవాళ్లకు దేవుళ్లూ దవాఖానలూ అన్నీ గుర్తొస్తాయి. గద్వాలలో మా బావమరిది నర్సింహులుకు అవన్నీ అయిపోయాయి. భార్య ఈశ్వరమ్మ కామెర్లతో పోయినప్పటినుంచి అతనికి మాట లేదు, నేత లేదు. మన్ననూరు అడవి పక్కన ఒక డాక్టరమ్మ బొమ్మలు వేయించి మనసుకు వైద్యం చేస్తోందని విని, జర తీసుకుపొమ్మని మా ఆవిడ నన్ను పోరింది. తొంభైల మొదట్లో సంగతి.

పొద్దున ఆరింటికి బస్సెక్కాం. బీచుపల్లి దగ్గర కృష్ణ దాటి వనపర్తిలో దిగాం. అక్కడి బస్టాండు ఉప్మా మీద ఒక పుస్తకమే రాయొచ్చు, చదివినవాళ్లకూ అరగదు. నర్సింహులు దాన్ని ముట్టనే లేదు. నాగర్‌కర్నూలులో బస్సు మారి, అచ్చంపేట మీదుగా మన్ననూరు చేరేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. ఇద్దరికీ టికెట్లు వంద లోపే. మా పని విన్న కండక్టరు, "జంగల్ల దవాఖాన ఏడిది సారూ? నువ్వు రోగివని పులికెట్ల తెల్వాలె?" అన్నాడు. నేను నవ్వాను. నర్సింహులు కిటికీలోంచి చూస్తూనే ఉన్నాడు.

దవాఖానంటే ఒక రేకుల షెడ్డు, నాలుగు చాపలు. పొద్దున మాట్లాడకుండా అడవిలో నడవాలి. మన్నో, ఆకో, బెరడో చేతికి తోచింది తేవాలి. వంట చేసే లింగమ్మ వాటిని బండమీద నూరి రంగు చేసిస్తుంది. దానితో ఏదైనా గీసి, ఆపైన నోరు పెగిలితే డాక్టరమ్మతో మాట్లాడాలి.

మర్నాడు నర్సింహులు ఎర్రమన్ను తెచ్చాడు. కాగితం ఎడమ పక్కన పైనుంచి కిందిదాకా చీర అంచు గీశాడు. నడుమ లింగమ్మ దగ్గరి పసుపు పూశాడు. కుడి పక్క ఖాళీగా వదిలేసి, దాన్నే చూస్తూ కూర్చున్నాడు. "రంగు సాల్లేదా అన్నా? ఇంకింత నూర్త" అంది లింగమ్మ. తల అడ్డంగా ఊపాడు. డాక్టరమ్మ పక్కన చతికిలబడి, ఇటువైపు ఏముంటుందని మెల్లగా అడిగింది.

"గది నాది గాదమ్మా. ఆమెది. అవుతల గూసోని నాడె అందిస్తుండె."

నాలుగు నెలల్లో అదే మొదటి మాట. గద్వాల చీరకు నడుమ నూలు, అంచు పట్టు. వేరే రంగు అంచును కలుపుతూ నేయాలంటే మగ్గం మీద ఇద్దరుండాలి, ఒక్కో అంచు పక్క ఒకరు కూర్చుని దారపు కండె ఉన్న నాడెను అటూ ఇటూ అందించుకుంటూ. పెళ్లయిన నాటినుంచీ ఆ రెండో మనిషి ఈశ్వరమ్మే.

వారం ఉన్నాం. ఏడ్చాడు, అన్నం తిన్నాడు, కొంచెం మాట్లాడాడు. కాగితం కుడి పక్క మాత్రం ముట్టలేదు. ఇంటికొచ్చాక మగ్గం గుంటలో దిగాడని తెలిసి మా ఆవిడ సంబరంగా చూడబోయింది, వెళ్లినంత తొందరగా తిరిగొచ్చింది. అతను నేస్తున్నది తెల్ల తువ్వాళ్లు. ఒక్కడే నేయగలిగేవి అవే. మళ్లీ చీర జోలికి పోలేదు.

దీన్ని నయం కావడమంటారో లేదో నాకు ఈనాటికీ తెలియదు. గోడవైపు తిరిగి పడుకోవడం మాత్రం మానేశాడు. అంతకంటే ఎక్కువ అడిగే ధైర్యం మాకు లేకపోయింది.

మీరూ ఎవరినైనా అలాంటి చోటికి తీసుకెళ్తుంటే ఒక తువ్వాలు ఎక్కువ పెట్టుకోండి, పొద్దుటి నడకలో మంచుకు తల తడుస్తుంది. నా సంచిలో ఉండేది నర్సింహులు నేసిందే. దానికి అంచు లేదు.