కాగితం మీద నూనె మరక

ఆ రంపాన్ని పాడు చేసినవాళ్ల మీద నాకు మొదటి రోజు నుంచీ కోపమే. కలప డిపోలో పనికిరాని సామాను వేలం వేసినప్పుడు, విరిగిన గొడ్డళ్ల కింద అది కనిపించింది. పెట్రోలుతో నడిచే చేతి రంపం, పరదేశపు సరుకు. ఇంజను పళ్ల గొలుసును గిరగిరా తిప్పుతుంది, మనిషి రెండు చేతులా పట్టుకొని మానును కోస్తాడు. అలాంటి వస్తువును ఎవడో మహానుభావుడు వాన నీళ్లలో పారేశాడు. మర ఊడిన చోట మేకు కొట్టాడు. ఆ మేకును చూసి అక్కడే నాలుగు తిట్లు తిట్టి, రంపాన్ని గోనెసంచిలో వేసుకొని నంద్యాలకు తెచ్చుకున్నాను.

అది డెబ్బయ్యో దశకం చివర. అప్పటికి నేను ఒక ఉస్తాద్ షెడ్డులో పని చేసేవాణ్ణి. పంపుసెట్లు, స్కూటర్లు, సామిల్లు వాళ్ల రంపాలు, ఏది వస్తే అది. ఉస్తాద్ పనికి వంక పెట్టలేం. గుణానికి పెట్టొచ్చు. ఇలాంటి చిన్న ఇంజన్లకు పెట్రోలులో కొంచెం నూనె కలపాలి. ఆ నూనె లేకపోతే లోపలి పిస్టన్ కాలి బిగుసుకుపోతుంది. ఎంతకు ఎంత కలపాలో ఆయన ఎవరికీ చెప్పేవాడు కాదు. డబ్బా తీసుకొని గోడ వైపు తిరిగి, మాకు వీపు చూపిస్తూ కలిపేవాడు. కలిపాక కొలత గ్లాసు కడిగి బోర్లించేవాడు. తొమ్మిదేళ్లు చేశాను ఆయన దగ్గర, తొమ్మిదేళ్లూ ఆ వీపే చూశాను. అడిగితే, "నీకేటికిరా ఆ సంగతి? పానా పట్టుకో, పని చూడు" అనేవాడు. నూనె డబ్బా ఎన్నాళ్లకు ఖాళీ అవుతోందో, పెట్రోలు ఎంత పోతోందో దొంగలాగా గమనించి, చివరికి నేనే కనిపెట్టాను. ఇరవై పాళ్లకు ఒక పాలు.

రంపం బాగు చేయడానికి రెండేళ్లు పట్టింది. ఆదివారాలూ, షెడ్డు నుంచి వచ్చాక దీపాలు పెట్టేదాకా మిగిలే కాసింత పొద్దూ, అంతే. బేతంచెర్ల నుంచి తెచ్చిన నున్నటి నాపబండ వసారాలో పరిచి, దాని మీద గరుకు కాగితం అంటించి, ఇంజను మూతను రోజుల తరబడి రుద్దాను. దాని పిస్టన్ చుట్టూ బిగిసే రింగు ఈ దేశంలో దొరకదన్నారు. స్కూటరు రింగును ఆకురాయితో కొంచెం అరగదీయడం, పెట్టి చూడడం, మళ్లీ తీయడం. మూడు రింగులు విరిగాయి. నాలుగోది కూర్చుంది. పిస్టన్ మాత్రం పాతదే, మరొకటి లేదు. అన్నం కంచంలో కూడా కిరసనాయిలు వాసనే వస్తోందని నా భార్య నెత్తీ నోరూ కొట్టుకునేది. మొదటిసారి ఇంజను అందుకున్న రోజు మాత్రం చేతిలో చాటతోనే బయటికి పరిగెత్తుకొచ్చి, "అబ్బ, అరుస్తాందే!" అంది.

ఆ మాట సామిల్లు యజమాని దాకా పోయింది. పిలిపించి, "సోమవారం నా ముందర గంటసేపు మాను కోయాల. కోసిందంటే మా రంపాలన్నీ మీ ఇంటికే పంపిస్తా, నువ్వే చూసుకో" అన్నాడు. ఇక ఉస్తాద్ వీపు చూడనక్కరలేదు. ఆ వారం నా కాళ్లు నేల మీద లేవు.

శుక్రవారం గాలివాన వచ్చింది. ఆళ్లగడ్డ దగ్గర మా బావ పాఠాలు చెప్పే బడి కప్పు మీద వేపమాను పడింది. బావ అంటే మా అక్క భర్త. ఏ పనైనా రెండుసార్లు సరిచూసుకుని గానీ చేయని మనిషి. శనివారం పొద్దున్నే రంపం కోసం వచ్చాడు. నాకు జ్వరం, లేచి పోలేను. ఎలా పట్టుకోవాలో, తాడు ఎలా లాగాలో, గొలుసు ఎలా బిగించాలో ఒకటికి నాలుగుసార్లు చూపించాను. తర్వాత పెట్రోలు డబ్బా తీసుకొని వంటింట్లోకి పోయి, తలుపు దగ్గరికి వేసి, నూనె కలిపి తెచ్చి ఇచ్చాను. తలుపు ఎందుకు వేశానో అప్పుడు ఆలోచించలేదు.

ఆదివారం మధ్యాహ్నం బస్సు కండక్టరు కబురు తెచ్చాడు, రంపం తిరగడం లేదని. జ్వరంతోనే ఆళ్లగడ్డ బస్సెక్కాను. బడి ముందు ఊరి పెద్దలు, పిల్లలు గుమిగూడి ఉన్నారు. మాను సగం తెగి అలాగే ఉంది. తాడు లాగాను, కదల్లేదు. మరలు విప్పి చూశాను. పిస్టన్ ఒళ్లంతా గీరుకుపోయి ఇంజను లోపలి గోడకు అతుక్కుంది.

"ఏం పోసినావు బావా దీంట్లో?"

"కోప్పడొద్దబ్బీ. ఆ బంకోడు నిన్ను మోసం చేసినాడు" అంటూ బావ జేబులోంచి ఒక కాగితం తీశాడు. "చుక్క వేసి చూసినా. మంచి పెట్రోలైతే ఆరిపోయి కాగితం తెల్లగా కావాల. ఈడ చూడు, మరక పోనేలేదు. కల్తీది. నీ మిషను పాడైతాదని అంతా పారబోసి, సైకిలెక్కి పోయి నేనే మంచిది తెచ్చి పోసినా."

కోపంతో నాకు కళ్లు కనిపించలేదు. "ఎవరు చెప్పినారు నిన్ను పారబోయమని? దాంట్లో నూనె కలిపినా నేను! రెండేండ్ల పని బూడిద చేసినావే! నువ్వేం అయ్యవారివి, నీదేం సదువు!" పిల్లల ముందే, పెద్దల ముందే అన్నాను. ఇంకా అన్నాను, అవి రాయను. బావ కళ్లద్దాలు తీసి పంచె అంచుతో తుడుచుకుంటూ నిలబడ్డాడు.

అక్క గుంపులోంచి ముందుకొచ్చింది. "ఏందిరా, అంత నోరు చేస్తాండావ్? నూనె కలిపినావని ఆయనకు చెప్పినావా?"

"లేదు."

"ఏటికి చెప్పలేదు?"

వంటింటి తలుపు గుర్తొచ్చింది. తొమ్మిదేళ్లు ఎవరిని తిట్టుకున్నానో, నేనూ ఆయన చేసిన పనే చేశాను. సిగ్గుతో ఒళ్లు మండిపోయింది. అప్పటిదాకా బావ మీద ఉన్న కోపమంతా నా మీదికే తిరిగింది. తప్పైపోయింది అనే మాట మాత్రం నోట్లోంచి రాలేదు. "ఇరవైకి ఒకటి బావా" అన్నాను. బావ వెంటనే కలం తీసి, ఆ మరక కిందే గుండ్రటి అక్షరాలతో రాసుకున్నాడు. రాసుకొని, "తెలియక చేసినానబ్బీ" అన్నాడు. ఆ మాట నేను అనాల్సింది.

సామిల్లుకు పోలేదు. మంగళవారం మళ్లీ షెడ్డుకే పోయాను. ఉస్తాద్ పానా చేతికిచ్చాడు. కాసేపటికి డబ్బా తీసుకొని ఎప్పట్లాగే గోడ వైపు తిరిగాడు.

"ఇరవైకి ఒకటి గదా ఉస్తాద్!" అన్నాను, షెడ్డులో ఉన్న నలుగురికీ వినపడేలా.

ఆయన గ్లాసుతోనే ఇటు తిరిగాడు. తొమ్మిదేళ్లలో నూనె కలిపేటప్పుడు ఆయన ముఖం చూడడం అదే మొదటిసారి. ఆ షెడ్డులో నాకు అదే చివరి రోజు కూడా.