దేవిదాస్ గీకేసిన నంబరు

బాన్సువాడలో ట్రాక్టరున్న ఏ ఇంటికి వెళ్లి అడిగినా దేవిదాస్ పేరే చెబుతారు. కాలువకు నీళ్లు వదిలిన వారంలో, పొలాలన్నీ ఒకేసారి దున్ని బురద చేసే రోజుల్లో, పొలం మధ్యలో ఆగిపోయిన ట్రాక్టరు దగ్గరికి మోకాలి లోతు బురదలో దిగి, అక్కడే ఇంజను విప్పి అక్కడే బిగించి వచ్చే మనిషి. నలభై ఏళ్లుగా అదే పని. పొగిడితే ముఖం చిట్లిస్తాడు కానీ లోపల పొంగిపోతాడు. తప్పు చేశావని ఎవరన్నా అంటే మాత్రం వారం రోజులు ఆ మనిషి గడప తొక్కడు. చివరికి అతని కొంప ముంచింది ఈ గుణమే.

అతనికి ఇరవై ఏళ్లున్నప్పుడు వర్ని రోడ్డు మీద ఒక చిన్న కారు ఆగిపోయి కనబడింది. రెండే సీట్లు, పైన గుడ్డ కప్పు, చక్రాలకు సైకిలుకున్నట్టు ఊచలు. కోస్తా నుంచి వచ్చి కాలువ కింద భూములు కొనుక్కున్న వెంకటనారాయణది ఆ కారు. చక్కెర ఫ్యాక్టరీలో కొన్నాళ్లు పనిచేసి తన దేశం వెళ్లిపోయిన ఒక దొర దగ్గర ముచ్చటపడి కొన్నాడు. దేవిదాస్ అరగంటలో దాన్ని బాగుచేసి, కూలి మాట ఎత్తకుండా, "ఒక్కపారి నడుపుత సారూ," అన్నాడు. వెంకటనారాయణ నవ్వి, భుజం తట్టి, "ఇంకోసారి," అని వెళ్లిపోయాడు.

ఆ ఇంకోసారి రానేలేదు. మరుసటి ఏడే కారు మూలపడింది. గడ్డివాము పక్కన రేకుల షెడ్డులో కోళ్లు దాని సీటులో గుడ్లు పెట్టుకున్నాయి, చెదలు దాని చెక్కంతా తిన్నాయి. వెంకటనారాయణ కాలం చేశాడు. దేవిదాస్ వేల ట్రాక్టర్లు నడిపాడు, జీపులు నడిపాడు, వరికోత మిషన్లు నడిపాడు. ఆ కారు మీది మనసు మాత్రం చావలేదు.

ఏడేళ్ల కిందట వెంకటనారాయణ కొడుకు రామబ్రహ్మం అతన్ని పిలిపించాడు. మర్యాదస్తుడు, ఎంత చిన్నవాడినైనా 'మీరు' అనే మనిషి. "మా నాన్న బండిని పాత ఇనుము కింద పంపాలంటే చేతులు రావడం లేదండీ. మీరు లేపగలరా?" అన్నాడు.

"లేపుత సారూ. నాకు కూలి వద్దు. మా ఇంట్ల పెట్టుకోని, నాకు తీరినప్పుడు చేస్త. గని రోడ్డెక్కిన రోజు మొదలు నేను నడపాలె. బాన్సువాడల ఎక్కి, వర్నిల మీ గేటు ముంగట దిగుత," అన్నాడు దేవిదాస్.

"మాట ఇస్తున్నాను," అన్నాడు రామబ్రహ్మం. అరగంట దారి కోసం ఏడేళ్ల చాకిరీ ఒప్పుకున్న పిచ్చివాణ్ని ఎవరైనా చూశారా? మంజులత చూసింది. రోజూ చూసింది. ఆమె దేవిదాస్ భార్య. ఇంటి ముందు గది తలుపులు పీకించి, గోడ సగం కూలగొట్టించి కారును లోపల పెట్టిన రోజు నుంచి చుట్టాలొస్తే ఆమె వంటింట్లోనే పీట వేయాల్సి వచ్చింది. "మనుషులకు లేని అర్ర దీనికి వచ్చింది," అని సణిగేది. అన్నం గిన్నె మాత్రం అక్కడికే తెచ్చి, దుమ్ము పడకుండా మూతపెట్టి పోయేది.

ట్రాక్టరుకు ఏది సరిపోకపోయినా సుత్తితో నచ్చజెప్పే దేవిదాస్, ఈ కారు దగ్గర కంసాలి అయిపోయాడు. దీనికి విడి సామాను దొరకదు, ప్రతిదీ పుట్టించుకోవాలి. కోటగిరి వడ్రంగి సమ్మన్న చెదలు తిన్న చట్రాన్ని చూసి టేకుతో కొత్తది చేసిచ్చాడు, అదీ మూడోసారికి కుదిరింది. రెండు కార్బురేటర్లు కలిసి ఒకేలా గాలి పీల్చాలి, ఒకటి ఎక్కువ పీలిస్తే ఇంజను దగ్గుతుంది. చెవికి రబ్బరు గొట్టం పెట్టుకుని, దవాఖానలో డాక్టరులా రెంటినీ మార్చి మార్చి వింటూ ఒక ఎండాకాలమంతా గడిపాడు. నాట్లొస్తే పని ఆగేది, కోతలొస్తే ఆగేది. మళ్లీ మొదలయ్యేది.

తప్పు జరిగింది రెండో ఏట. అది తప్పని ఆనాడు అతనికి తెలియలేదు. బండి కింది ఇనుప చట్రం తుప్పుతో పెచ్చులు లేచి ఉంది. దేవిదాస్ ట్రాలీలకు చేసినట్టే చేశాడు. ట్రాలీ వస్తే తుప్పంతా మిషనుతో గీకి, గుంటలు పూడ్చి, అరచేయి జారిపోయేంత నున్నగా చేసి రంగేయడం అతని అలవాటు. ఆ చుట్టుపక్కల తిరిగే ట్రాలీల్లో సగానికి నంబరే ఉండదు, ఎవరూ అడగరు. ట్రాక్టరుకైతే నంబరు రేకు మీద ఉంటుంది, రేకు విప్పి పక్కన పెట్టొచ్చు. ఈ కారుకు మాత్రం ముందు చక్రం పక్కన ఇనుము మీదే నంబరు కొట్టి ఉంది. తుప్పు కింద దాక్కుని ఉంది. దేవిదాస్ దాన్ని శ్రద్ధగా, ప్రేమగా గీకేశాడు. రెండు రోజులు గీకాడు.

ఐదేళ్ల తర్వాత, కారు ముదురాకుపచ్చ రంగు వేసుకుని పెళ్లికూతురులా నిలబడ్డాక, మంజులతే ముందు అడిగింది. "ఒక్కపారి గల్లీల తిప్పు. నేను గూడ కూసుంట."

"కాయిదాలు గాకముందు చక్రం గడప దాటది. దొంగబండి లెక్క తిప్పుతనా?" అన్నాడు దేవిదాస్. ఇంజను మాత్రం రోజూ ఒకసారి ఉన్నచోటే నడిపి, ఆ చప్పుడు విని, ఆపేవాడు.

కారు పాత రిజిస్ట్రేషన్ ఎప్పుడో గడువు దాటింది. మళ్లీ చేయించే పని ఆఫీసుల చుట్టూ తిరిగే ఏజెంటు మహిపాల్‌కు అప్పగించారు. మహిపాల్ నాలుగు తెల్లకాగితాలు, పెన్సిలు తెచ్చి దేవిదాస్ చేతిలో పెట్టాడు. "ఏం లేదన్న. చాసిస్ నంబరు మీద కాయిదం పెట్టి పెన్సిల్‌తోని రుద్దు. అచ్చు పడ్తది. గదొక్కటి ఇస్తే ఫైలు లోపలికి పోతది."

దేవిదాస్ కారు కిందికి దూరాడు. నంబరు ఏమిటో పాత ఆర్సీ పుస్తకంలో ఉంది, పాత బండ్లకు అది ముందు చక్రం పక్కన ఉంటుందని మహిపాల్ చెప్పాడు. కాగితం పెట్టి రుద్దాడు. కాగితం నల్లబడింది కానీ అంకె పడలేదు. జరిపి రుద్దాడు. రెండోవైపుకు వెళ్లి రుద్దాడు. నాలుగు కాగితాలు ఒకేలా, నున్నగా, నల్లగా వచ్చాయి. అప్పుడు గుర్తొచ్చింది అతనికి, మిషను పట్టుకుని రెండు రోజులు ఇక్కడే కూర్చున్న సంగతి. కారు కిందే వెల్లకిలా పడుకుని ఉండిపోయాడు. పైన తన చేత్తో బిగించిన ప్రతి బోల్టూ కనబడుతోంది.

"గింతదానికి ఫికర్ ఎందుకన్నా?" అన్నాడు మహిపాల్. "ఆర్సీల నంబరుంది గదా. అంకెల పంచులు దొరుకుతయి. కొట్టెయ్. నువ్వు కొడ్తే ఎవడు గుర్తుపడ్తడు?"

"రామబ్రహ్మం సారుకు చెప్పాలె గదా."

"చెప్పు మరి. మీ నాయిన బండి నంబరు నేనే గీకిన అని చెప్పు," అని మహిపాల్ నవ్వాడు.

ఆ మాట దగ్గరే దేవిదాస్ ఓడిపోయాడు. చెబుదామని రెండుసార్లు వర్ని వెళ్లాడు. మొదటిసారి రామబ్రహ్మం ఎదురొచ్చి, "మీ చేతిలో పెట్టాక నాకింక దిగులేముందండీ," అన్నాడు. రెండోసారి గేటు దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు. నలభై ఏళ్లలో ఎవరి ముందూ 'నా తప్పు' అనని నోరు ఈ వయసులో తిరగలేదు. నిజామాబాద్ వెళ్లి ఇనుము మీద అంకెలు అచ్చుకొట్టే పంచులు తెచ్చాడు. నంబరును ఒక్కో అంకె చొప్పున సుత్తితో కొట్టి, ఉప్పునీళ్లతో తుప్పు పట్టించి, మసి పూసి పాతబరిచాడు. పెన్సిలుతో రుద్దితే ముత్యాల్లా అచ్చుపడింది. కొడుతున్నంతసేపూ మంజులత గుమ్మంలో నిలబడి చూసింది.

"ఒక్క మాట సారుకు చెప్పరాదు?" అంది.

"నువ్వు లోపలికి పో," అన్నాడు.

తనిఖీ రోజున కారును అద్దె వ్యానులో ఎక్కించి రవాణా శాఖ ఆఫీసుకు తీసుకుపోయారు. వ్యాను చెక్కల మీది నుంచి నలుగురు పట్టి దింపారు. ఆఫీసుకు పనుల మీద వచ్చిన జనం మూగి ఫోన్లలో ఫోటోలు తీసుకున్నారు. "అట్నుంచి అటే వర్నికి," అన్నాడు రామబ్రహ్మం. ఉతికిన తెల్లచొక్కా తొడుక్కుని, తండ్రి వాడిన తోలుసంచీ పట్టుకుని వచ్చాడు. తనిఖీ అధికారి చక్రం పక్కన వంగి చూసి, బండి పనితనాన్ని మెచ్చుకుని, కాగితాలకోసం చేయి చాపాడు.

అప్పుడు రామబ్రహ్మం ఉత్సాహంగా సంచీలోంచి పసుపుపచ్చగా మారిన ఒక కాగితం తీశాడు. "ఇది కూడా ఉంచండి సార్. నిన్న నాన్న పెట్టెలో దొరికింది. ఆయన బండి కొన్న రోజున తీయించిన అచ్చు." పెన్సిలుతో రుద్దిన పాత నంబరు. నీళ్లు పడినా చెరగకుండా, మడతల్లో చిరగకుండా దాచిపెట్టుకున్న నంబరు.

అధికారి రెండు కాగితాలు పక్కపక్కన పెట్టాడు. పాత అచ్చులో నాలుగు అంకెకు తల తెరిచి ఉంది. కొత్త అచ్చులో మూసి ఉంది. నాలుగు అంకె మూడుచోట్ల వచ్చింది, మూడుచోట్లా అంతే. ఆయన మళ్లీ వంగి, మసి తుడిచి, వేలితో తడిమాడు.

"ఎవరు కొట్టారిది?"

"నేనే సారూ," అన్నాడు దేవిదాస్. "తుప్పు గీకుతుంటే పోయింది. తెల్వక గీకిన. రామబ్రహ్మం సారుకు ఏం తెల్వదు."

"తెలియక గీకితే తప్పు కాదయ్యా. పోయిందని రాసిస్తే, ఈ పాత అచ్చే ఆధారం. దీన్ని బట్టి మేమే కొట్టించి ఇచ్చేవాళ్లం. నువ్వు కొట్టడం నేరం." అధికారి గొంతులో కోపం లేదు, విసుగు కూడా లేదు. "బండి ఇక్కడే ఉంటుంది. కేసు ఓనరు పేరు మీదే వస్తుంది. తేలేసరికి ఎన్నేళ్లయినా పట్టొచ్చు."

రామబ్రహ్మం ఆ పాత కాగితాన్ని చూస్తూ నిలబడ్డాడు. "ఈ కాగితం నా ఇంట్లోనే ఉందండీ," అన్నాడు. "ఒక్క మాట అడిగితే వెతికేవాణ్ని కదా."

అడగకపోవడానికి కారణం తన పరువు కాపాడుకోవడం తప్ప మరేం కాదని దేవిదాస్‌కు ఇప్పుడు తెలుసు. భూమి చీలితే బావుండునని మనుషులు ఊరికే అనరు.

పట్టుకున్న బండ్లను ఉంచే జాగా ఆఫీసు వెనకే ఉంది. ఇసుకతో పట్టుబడ్డ ట్రాక్టర్లు చక్రాలు దిగిపోయి, బానెట్ల మధ్య గడ్డి మొలిచి నిలబడి ఉన్నాయి. అందులో ఒకటి దేవిదాస్ ఇంజను బాగుచేసి ఇచ్చినదే. మూడు వానాకాలాల కిందట రోడ్డు మీద పరుగులు తీసిన బండి, ఇప్పుడు దాని సీటు మీద పిచ్చిమొక్క పెరుగుతోంది. కారుకు ఇక్కడ షెడ్డు ఉండదు. టేకు చట్రం నాని ఉబ్బుతుంది, ఊచలు తుప్పు పడతాయి, కార్బురేటర్లలో కందిరీగలు గూడు పెడతాయి. ఏది ముందు పోతుందో, ఏది తర్వాత పోతుందో వరసగా అతనికి తెలుసు.

వ్యాను డ్రైవరూ మరొకరూ కారును తోయడానికి వెనక చేరారు. రామబ్రహ్మం వాళ్లను ఆపాడు.

"తోయకండి. నడపండి దేవిదాసు గారూ. మొదట మీరే నడపాలని కదా మన మాట."

ఎత్తిపొడుపు లేదు ఆ గొంతులో. అదుంటే తట్టుకునేవాడేమో. దేవిదాస్ తలుపు తీసి కూర్చున్నాడు. తాళం తిప్పగానే ఇంజను అందుకుంది. రెండు కార్బురేటర్లు ఒకేలా పీలుస్తున్నాయి. మొదటి గేరు వెన్నలో చాకులా పడింది. నలభై అడుగులు. రెండో గేరు అవసరం పడలేదు. స్టీరింగులో వదులు లేదు, ఒక్క రేకు గలగలమనలేదు, బ్రేకు తొక్కితే బండి ఎక్కడిదక్కడ ఆగింది. తన జీవితంలో ఇంతకంటే మంచి పని చేయలేదని ఆ నలభై అడుగుల్లో తెలిసింది. గడ్డి మొలిచిన ట్రాక్టరు పక్కన కారు ఆపి, ఇంజను ఆపబుద్ధి కాక అలాగే కూర్చున్నాడు. అధికారి తాళం కోసం చేయి చాపి నిలబడ్డాడు. దేవిదాస్ దిగి చూసేసరికి రామబ్రహ్మం గేటు దాటి వెళ్లిపోయాడు.

ఇంటికొచ్చేసరికి మంజులత ఖాళీ అయిన ముందు గది కడిగి, నూనె మరకలు బూడిదతో రుద్ది, ముగ్గు వేసి, చాప పరిచి ఉంచింది. అతన్ని చూడగానే చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"నడిపినవా? ఎట్ల నడిచింది?"

"మంచిగ నడిచింది," అన్నాడు దేవిదాస్.

"వర్ని దాక పోయినవా?" ఆమె ముఖంలో ఏడేళ్లలో మొదటిసారి సంతోషం కనబడింది.

దేవిదాస్ గోడ పట్టుకుని మెల్లగా చాప మీద కూలబడ్డాడు. రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకుని, పక్కింటికి వినబడేంత బిగ్గరగా ఏడ్చాడు.