నా పంది మీద పడిన నీళ్ళు

కోలారు బంగారు గనుల్లో ఈనాటికీ చెప్పుకునేదేమంటే, నేను పందిని చూసి ట్యాపిర్ అనే అడవి జంతువనుకొని కాలేజీకి తోలుకుపోయినానని. శుద్ధ అబద్ధం. పంది అని తెలిసే తోలుకుపోయినాను. నా కొంప మునిగింది తెలియక కాదు, తెలివి ఎక్కువై.

డిగ్రీలో వాదన పోటీ పెట్టినారు. అంతరించిపోతున్న పశ్చిమ కనుమల కప్పా, మలయా అడవుల ట్యాపిరా, ముందు దేన్ని కాపాడాల? గెలిచినోళ్ళను బెంగళూరు పోటీకి పంపుతారు. పోయేది నేనేనని మా గని కూలీల లైను ఇళ్ళంతా అప్పుడే చాటేసినాను. కప్ప పక్కింటి పద్మకు పోయింది, ట్యాపిర్ నాకొచ్చింది. పొట్టి తొండం, ముందూ వెనకా నలుపు, నడుమ తెలుపు. అట్లాంటిదాన్ని మా ఊళ్ళో చూసినోళ్ళెవరు? అందుకని మా లైనులో పందులు మేపే మునెమ్మక్క నల్లపందిని అడిగి తెచ్చి, నడుముకు ముగ్గుపిండి నీళ్ళు పూసినాను. తొండం లోటు మూతితో సర్దుకోమన్నాను.

"పందికి ముగ్గేసేది యాడన్నా ఉండాదామ్మా?" అనింది మునెమ్మక్క.

"ఇది సైన్సక్కా" అన్నాను.

కాలేజీ వరండాలో ప్రిన్సిపాల్ మేడం ముందర దంచినాను. కప్ప ఒక్క వానకు వందల గుడ్లు పెడుతుంది, ట్యాపిర్ ఈతకు ఒక్క పిల్లనే కంటుంది, ఎవరిది కష్టం? పద్మ తాపీగా లేచింది. "గుడ్లెన్ని పెడితే ఏమే? దానికుండేది ఒక్క వాగు. అది ఎండితే వంశమే లేదు."

అసలే వానల్లేని ఏడాది. చప్పట్లు అటు పోయినాయి. నేను పందిని ముందుకు లాగినాను. చప్పట్లు ఇటు తిరిగినాయి.

సరిగ్గా అప్పుడే, వానకోసం రోకలికి కప్పను కట్టుకొని ఇల్లిల్లూ తిరిగే ఆడోళ్ళు గేట్లోకి వచ్చి, కప్పతల్లికి నీళ్ళు పోయమన్నారు. గడపకొచ్చిన కప్పతల్లికి ఎవరు లేదంటారు? మేడమే బిందె ఎత్తినారు. సగం కప్ప మీద, సగం పక్కనే ఉన్న నా ట్యాపిర్ మీద. ముగ్గంతా కారిపోయింది. పందికి పన్నీరు తెలియదంటారు గానీ, బిందెనీళ్ళు బాగానే తెలిసినాయి. అది ఒక్క విదిలింపు విదిలిస్తే మేడం పట్టుచీరంతా ట్యాపిర్ నడుమైపోయింది. సభ కప్పల తక్కెడ.

"ఏమే, నీ ట్యాపిర్ అప్పుడే అంతరించిపోయిందే" అనింది పద్మ.

బెంగళూరుకు పద్మే పోయింది. పోటీ జరిగిన సాయంత్రమే వాన దంచి కొట్టింది. పుణ్యమంతా కప్ప ఖాతాలో వేసినారు.

ఇంగ ఈ జన్మలో ముగ్గు వాకిట్లోనే గానీ నాలుగుకాళ్ళ దేనిమీదా వేయనని మునెమ్మక్క ముందర ఒట్టేసినాను. కానీ ఒక్కటి చెప్పండి. ఆ పొద్దు నీళ్ళు పడింది రెండింటి మీదా కదా, వాన కప్ప వల్లే వచ్చిందని తేల్చిందెవరు?